త్రాగి వాహనము నడపుట: యానాం కుటుంబములు తెలిసికొనవలసిన చట్టము

(సంఘ సభ్యుల వారపు సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



మద్యపానము మంచిదా చెడ్డదా అను చర్చ నేడు మేము చేయబోవుట లేదు. ఆ విషయమున మన యిండ్లలో పలు అభిప్రాయములు గలవు. నేడు మేము మనవి చేయదలచినది అంతకంటె చిన్న విషయము. త్రాగిన మనిషి బండి నడపినచో చట్టము అతనిని ఏమి చేయును, అతని కుటుంబమునకు ఏ నష్టము వాటిల్లును, అతనికి ఏ హక్కులు మిగిలియుండును - ఇంతవరకే. ఇట్టి కేసు ఇంటి మీదికి వచ్చిన రాత్రి మన పెద్దలు మొదట వెదకునది చట్టమును గాదు, తెలిసిన పెద్దమనిషిని. ఆ వెదుకులాటలో పోవు గంటలే మిక్కిలి విలువైనవి గనుక, చట్టమును ముందుగానే తెలిసికొనుట మేలని మా అభిప్రాయము.

మన ఊరి స్థితి ప్రత్యేకమైనది. ముప్పది చదరపు కిలోమీటర్ల యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో ఒక భాగము. పుదుచ్చేరి పట్టణము మనకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నది. కాకినాడయో సుమారు ముప్పది కిలోమీటర్లే. గౌతమి దాటి ఎదుర్లంక వంతెన దిగినచో కోనసీమ. 216వ నంబరు జాతీయ రహదారి మన పట్టణము గుండానే పోవుచున్నది. ఏ దిక్కునకు బండి త్రిప్పినను కొద్ది నిమిషములలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము వచ్చును.

సరిహద్దు దాటినచో చట్టము మారునను భావము మన ప్రాంతమున కొత్తది గాదు. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో శాసనమై 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చినప్పుడు, ఆ చట్టము వర్తింపని ఫ్రెంచి యానాంనకు పెండ్లివారు బండ్లు కట్టుకొని వచ్చెడివారు. కల్యాణపురమను పేరు మన ఊరికి అట్లు వ్యాపించినది. పెండ్లి ఇచ్చట జరిగినను కాపురము స్వగ్రామముననే గదా! చిన్నవయసు బాలికకు కలిగిన కష్టములను ఏ సరిహద్దును ఆపలేదు.

మద్యము విషయమునను అట్లే జరిగినది. 1937లో సేలం జిల్లాతో ఆరంభమైన మద్రాసు మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతటికిని వ్యాపించినది. ఫ్రెంచివారి యేలుబడిలోని యానాం దాని వెలుపల ఉండెను. 1954లో యానాం విముక్తమై, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున కలసినది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును విధించి 1997లో సడలించినది. ఆ కాలమునను చుట్టునున్న తూర్పుగోదావరి జిల్లా ఒక చట్టము క్రిందను, మన పట్టణము వేరొక చట్టము క్రిందను ఉండెను. ఈ చరిత్ర వలన మన యువకులలోను, ఇరుగుపొరుగు గ్రామముల నుండి వచ్చు వారిలోను ఒక అపోహ స్థిరపడినది. యానాంలో త్రాగుటకు అడ్డు లేదు గనుక యానాంలో త్రాగి బండి నడపుటయు అంత పెద్ద నేరము గాదని వారు తలంచుచున్నారు. ఈ అపోహను తొలగించుటయే మా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

మద్యమును తయారుచేయుట, అమ్ముట, రవాణా చేయుట అను విషయములు మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో రాష్ట్రముల జాబితాకు చెందినవి. అందువలననే ధరలు, సుంకములు, వయోనియమములు ఊరూరికి మారుచుండును. పుదుచ్చేరిలో మద్యము కొనుటకు 18 ఏండ్లు నిండిన చాలును. ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండవలెను. కాని త్రాగి వాహనము నడపుటను శిక్షించునది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అది పార్లమెంటు చేసిన చట్టము. యానాం బజారులోను, ఎదుర్లంక వంతెన మీదను, కాకినాడ రోడ్డులోను, ఢిల్లీలోను అది ఒక్కటియే. సీసాకు సరిహద్దు గలదు గాని బండి నడపు వాని రక్తములోని మద్యమునకు సరిహద్దు లేదు.

ఆ చట్టము 185వ సెక్షను ఏమి చెప్పుచున్నదో చూతము. నడపుచున్నవాని, లేక నడపుటకు ప్రయత్నించుచున్నవాని నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నట్లు పరీక్షలో తేలినచో అది నేరము. బండి తూలినదా, ఎవరికైన తగిలినదా అను ప్రశ్నతో పని లేదు. మొదటి నేరమునకు ఆరు నెలల వరకు ఖైదు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండును. మరల చేసినచో రెండేండ్ల వరకు ఖైదు, లేక పదునైదు వేల జరిమానా, లేక రెండును. ఈ జరిమానాలు 2019 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్నవి. అంతకు పూర్వము అవి రెండువేలు, మూడువేలు మాత్రమే. స్కూటరైనను, ఆటోయైనను, లారీయైనను నియమము ఒక్కటే.

ఈ ముప్పది మిల్లీగ్రాముల హద్దు 1994 సవరణతో వచ్చినది. 1988 చట్టము మొదటి పాఠములో, ఎంత స్వల్పమైనను సరే, రక్తములో మద్యముండుటయే నేరము. ఇంగ్లండులో హద్దు 80 మిల్లీగ్రాములు. ఫ్రాన్సులో సాధారణముగా 50. మన కుటుంబములలో కొందరి బంధువులు ఫ్రాన్సులో స్థిరపడియున్నారు. సెలవులకు వచ్చి, అచ్చటి లెక్కతో ఇచ్చట బండి ఎక్కువారు ఈ తేడాను గమనింపవలెను. అచ్చట నిర్దోషియైనవాడు ఇచ్చట దోషి కావచ్చును.

ఎంత త్రాగిన హద్దులో ఉందుమని కొందరు అడుగుదురు. దీనికి నిలుకడయైన లెక్క లేదు. శరీరపు బరువు, భోజనము చేసినదియు లేనిదియు, త్రాగిన వేగము, స్త్రీ పురుష భేదము, వీనిని బట్టి ఫలితము మారును. ఒక్క సంగతి మాత్రము వైద్యులు స్పష్టముగా చెప్పుదురు. రక్తములోని మద్యము సుమారు గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గును. కొందరిలో ఇంకను నెమ్మది. రాత్రి పదకొండు గంటలకు 120 మిల్లీగ్రాములున్నవానికి తెల్లవారుజాము అయిదు గంటలకు ఇంకను 30 వద్దనే యుండును. చన్నీటి స్నానము, మజ్జిగ, కాఫీ దీనిని త్వరపెట్టవు. యాలకులు నమలినచో వాసన మరుగుపడవచ్చునేమో గాని యంత్రము మోసపోదు. అది ఊపిరితిత్తుల నుండి వచ్చు గాలిని కొలుచును. రాత్రి పెండ్లి విందు, తెల్లవారి కాకినాడలో పని - ఈ రెండింటి నడుమ చిక్కుకొనువారే పలువురు.

ఇక పరీక్షను గూర్చి. 203వ సెక్షను ప్రకారము యూనిఫారములో ఉన్న పోలీసు అధికారి గాని, మోటారు వాహన శాఖ అధికారి గాని, తగిన అనుమానమున్నప్పుడు నడపువానిని శ్వాస పరీక్ష ఇమ్మని అడుగవచ్చును. ఆ యంత్రమును జనులు బ్రీత్ ఎనలైజరు అందురు. యంత్రము మద్యమును చూపినచో, లేక పరీక్షకు నిరాకరించినచో, పోలీసువారు వారెంటు లేకయే అరెస్టు చేయవచ్చును. అటుపిమ్మట ఠాణాలో రక్తపరీక్షకు వైద్యుని యెదుట నమూనా ఇమ్మని కోరవచ్చును. పరీక్షింపబడునది స్త్రీయై వైద్యుడు పురుషుడైనచో వేరొక స్త్రీ సమక్షముననే నమూనా తీయవలెను. ఆసుపత్రిలో చేరియున్న రోగి విషయమున చికిత్స చేయు వైద్యునకు ముందుగా తెలుపవలెను. చికిత్సకు హాని యని వైద్యుడు అభ్యంతరము చెప్పినచో పరీక్ష జరుపరాదు.

అరెస్టయిన వానికి 202వ సెక్షనులో ఒక ముఖ్యమైన రక్షణ గలదు. రెండు గంటలలోగా అతనికి వైద్యపరీక్ష జరుపవలెను. జరుపనిచో నిర్బంధము నుండి విడుదల చేయవలెను. అయితే విడుదల వేరు, కేసు కొట్టివేయుట వేరు. ఈ నియమమును విని, ఎట్లో రెండు గంటలు జరిపినచో చాలునని మనవారు అనుకొనరాదు. కారణము లేక పరీక్షకు నిరాకరించినచో ఆ నిరాకరణయే నేరారోపణకు బలము చేకూర్చు విషయముగా న్యాయస్థానము తలంపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. కనుక పరీక్షను ఎగవేయుమని మేము ఎవరికిని సలహా ఇయ్యము. పరీక్ష జరిగిన గంటను, యంత్రము చూపిన అంకెను అడిగి వ్రాసియుంచుకొనుమని మాత్రము చెప్పుదుము. వాసన వచ్చినది, నడక తడబడినది అను సాక్ష్యము మాత్రముననే త్రాగినట్లు నిశ్చయింపరాదని సుప్రీంకోర్టు 1971లో బచూభాయి హసనల్లీ కర్యానీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. పరీక్ష అందుచేత ప్రభుత్వమునకు ఎంత అవసరమో, త్రాగనివానికిని అంతే రక్షణ.

ఇక్కడ మన ఊరి యలవాటును గూర్చి ఒక మాట. కొడుకును ఠాణాకు తీసికొనిపోయిరని తెలిసిన వెంటనే తండ్రి పెద్దమనిషి చేత ఫోను చేయించును; అక్కడికక్కడే కొంత సొమ్ము కట్టి బయటపడవలెనని చూచును. హెల్మెట్టు లేకుండుట వంటి కొన్ని నేరములకు అక్కడనే సొమ్ము కట్టి రాజీపడుటకు 200వ సెక్షను వీలిచ్చినది. ఆ జాబితాలో 185వ సెక్షను లేదు. త్రాగి నడపిన కేసు మేజిస్ట్రేటు ఎదుటికి పోవలసినదే. దారిలో సొమ్ము తీసికొని వదలువాడు చట్టమును అమ్ముచున్నాడు, ఇచ్చువాడు మరియొక నేరమును కొనుచున్నాడు. ఇది జామీను హక్కుగా లభించు నేరము గనుక, పెద్దమనిషి లేకపోయినను పూచీ ఇచ్చి బయటికి రావచ్చును. నిర్బంధములో ఉన్నవానికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయమును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము కల్పించుచున్నది. పెద్దమనిషిని వెదకు కాలమున ఒక వకీలును పిలిచినచో మేలు.

మరియొక సంగతి: పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనము చేసికొని, రద్దు లేక నిలుపుదల కొరకు లైసెన్సు అధికారికి పంపవలెనని 206వ సెక్షను చెప్పుచున్నది. ఆటో నడపి కుటుంబమును పోషించువానికి ఖైదుకంటె ఇదియే పెద్ద దెబ్బ.

ఇంతవరకు చెప్పినది ప్రమాదము జరుగని కేసును గూర్చి. ప్రాణము పోయినచో వ్యవహారము పూర్తిగా మారును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, నిర్లక్ష్యము వలన మరణము కలిగించుటకు 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు శిక్ష గలదు. త్రాగి నడపినచో మనుష్యులు చత్తురని తెలిసియు నడపెనని న్యాయస్థానము నిర్ణయించినచో 105వ సెక్షను వర్తించును. దాని శిక్ష పదేండ్ల వరకు పోవచ్చును. 2006 నవంబరు 12 తెల్లవారుజామున ముంబయి కార్టరు రోడ్డులో ఒక కారు ప్రక్కన నిద్రించుచున్న కూలీల మీదికి పోయి ఏడుగురు మరణించిరి. ఆ కేసులో అప్పటి శిక్షాస్మృతిలోని ఈ పెద్ద సెక్షను క్రిందనే విధింపబడిన మూడేండ్ల శిక్షను సుప్రీంకోర్టు 2012లో స్థిరపరచినది. మత్తులో నాకు తెలియలేదు అను వాదము చెల్లదు. ఒకనికి తెలియకుండ గాని, బలవంతముగా గాని త్రాగించిన సందర్భమునకే చట్టము ఆ మినహాయింపు నిచ్చినది. తనంత తాను త్రాగినవానికి అది లేదు.

శిక్ష పడినవాడు ఒక్కడు. నష్టమును భరించునది ఇల్లంతయు. త్రాగి నడపుట అను కారణమును బీమా సంస్థ తన రక్షణగా చెప్పుకొనవచ్చునని 150వ సెక్షనులో 2019 సవరణ చేర్చినది. ఆ భాగము 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ఇట్టి సందర్భములలో సంస్థ బాధితునకు ముందు చెల్లించి, పిమ్మట ఆ సొమ్మును బండి యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని ఉత్తర్వులు వచ్చుచున్నవి. యజమాని యనగా తరచు తండ్రి; ఆ సొమ్మునకు నిలుచునది కొబ్బరితోటయో, ఇంటి స్థలమో. తన బండికి కలిగిన నష్టమును గూర్చియు 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. శ్వాస, రక్తపరీక్షలు జరుగకున్నను, ఇతర సాక్ష్యముతో డ్రైవరు మత్తులో ఉండెనని బీమా సంస్థ చూపగలిగినచో పరిహారము నిరాకరింపవచ్చును. నేరవిచారణలో చాలని సాక్ష్యము బీమా వివాదములో చాలవచ్చునని దీని భావము. పరీక్షను తప్పించుకొంటిమని సంతోషించువారు ఈ తీర్పును గుర్తుంచుకొందురు గాక. త్రాగినవాడని తెలిసియు తాళపుచెవి ఇచ్చి ప్రోత్సహించినవాడు 188వ సెక్షను క్రింద తోడు నేరస్థుడు కావచ్చును.

సీసాల రవాణాను గూర్చి రెండు మాటలు. యానాంలో న్యాయముగా కొన్న సీసాయే సరిహద్దు దాటినంతనే ఆంధ్రప్రదేశ్‌లో సుంకము చెల్లింపని మద్యముగా పరిగణింపబడవచ్చును. అక్రమ రవాణాకు 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము 34వ సెక్షను వర్తించును. బండియు జప్తునకు లోనగును. బంధువుల ఇంటి శుభకార్యమునకు నాలుగు సీసాలు తెమ్మన్నారని కుర్రవాని చేతికి సంచి ఇచ్చు పెద్దలు ఆ కుర్రవానిని ఏ కేసులోనికి పంపుచున్నారో యోచింపవలెను. రహదారి ప్రక్కన దుకాణమున్నది గదా, ప్రభుత్వమే అనుమతించినది గదా అని వాదించుటయు పొసగదు. జాతీయ, రాష్ట్ర రహదారులకు అయిదు వందల మీటర్లలోపల మద్యము అమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించి, పురపాలక పరిధులలోని లైసెన్సు దుకాణములకు అది అడ్డు గాదని 2017 జూలైలో వివరించినది. అది అమ్మువానికి సంబంధించిన నియమము. కొన్నవానికి నడపుటకు అది అనుమతి గాదు.

కడపట మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించిన విషయము, భాష. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టము యానాంలో తెలుగునకు స్థానమిచ్చినది. ఐనను మనపై న్యాయాధికారము గల హైకోర్టు మద్రాసులో ఉన్నది. ఉపాధికై పుదుచ్చేరిలో స్థిరపడిన మన కుటుంబములు తమిళ ఠాణాల మధ్య నివసించుచున్నవి. అరెస్టునకు కారణములు తెలిసికొనుట రాజ్యాంగము 22వ అధికరణము ఇచ్చిన హక్కు. 2024 జూలైలో ముంబయి వర్లీలో జరిగిన కారు ప్రమాదము నుండి పుట్టిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న ఆ హక్కును మరింత స్పష్టపరచినది. ఏ నేరమైనను, అరెస్టు కారణములను అతనికి అర్థమగు భాషలో వ్రాతమూలముగా ఇయ్యవలెను. వెంటనే వీలుగానిచో నోటిమాటగా చెప్పి, రిమాండుకు మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచుటకు కనీసము రెండు గంటల ముందుగా వ్రాతప్రతి నందింపవలెను. తెలుగు మాత్రమే వచ్చినవాడు చదువలేని కాగితముపై సంతకము చేయనక్కరలేదు. నాకు తెలుగులో కావలెనని మర్యాదగా అడుగవచ్చును. న్యాయస్థానమునను సాక్ష్యము తనకు తెలియని భాషలో ఉన్నప్పుడు దానిని తన భాషలో వినిపింపుమని ముద్దాయి కోరవచ్చును. తప్పు చేసినవానికిని ఈ హక్కు గలదు. తప్పు చేసినవాని భాషను రక్షింపనినాడు తప్పు చేయనివాని భాషయు నిలువదు.

అందుచేత మేము సభ్యులను కోరునవి కొన్ని గలవు. విందు జరుగు ఇంటివారు భోజనములతో పాటు తిరుగు ప్రయాణపు ఏర్పాటును గూడ తమ బాధ్యతగా తీసికొనవలెను. త్రాగినవాని బండి తాళము అడిగి తీసికొనుట అవమానము గాదు. అల్లుడైనను, బావయైనను, అధికారియైనను అడుగవచ్చును. ఆ రాత్రికి ఒక మంచము వేయుట మన తెలుగిండ్లకు భారము గాదు. కేసు వచ్చినచో వకీలును పిలువవలెను, పరీక్ష జరిగిన గంట వ్రాసికొనవలెను, కాగితములు తెలుగులో అడుగవలెను. ప్రమాదము జరిగినచో పారిపోక గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చవలెను. అది 134వ సెక్షను ప్రకారము నడపువాని విధి. త్రోవను పోవుచు గాయపడినవానికి సద్భావముతో సాయపడినవానిపై ఆ గాయమునకు గాని మరణమునకు గాని బాధ్యత మోపరాదని 134-ఎ సెక్షను చెప్పుచున్నది. కనుక భయపడి తొలగిపోవలదు.

యానాం ఒకప్పుడు పొరుగువారి చట్టములను తప్పించుకొనుటకు వచ్చు చోటని పేరు పడినది. ఇచ్చటికి వచ్చినవాడు క్షేమముగా ఇల్లు చేరునను పేరును మన తరము సంపాదింపవలెనని మా కోరిక. ఈ విషయమున సందేహములున్నవారు సంఘ కార్యాలయమునకు వ్రాసినచో, వకీలు మిత్రులను సంప్రదించి ఈ పత్రికలోనే సమాధానము ప్రకటింతుము.